ఫ్యాన్‌జీన్‌ని ‘అభిమాన పత్రిక’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. ఒక అనువాదంలో రెండు మాటలు పంటికింద రాళ్లలా తగులుతున్నాయి. ఒకటి ‘ఫ్యాన్‌జీన్’, అంటే అభిమానులే సొంతంగా తీసే పత్రిక. రెండోది ‘ఆల్టర్ ఈగో’. ఆ రెండోది ఆ ఫ్యాన్‌జీన్ పేరే. కథ తెలియకుండా మాట ఎంచలేం కాబట్టి ముందు కథ చెప్తాను.

జెర్రీ బెయిల్స్ డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో సైన్సు పాఠాలు చెప్పేవాడు. చిన్నప్పుడు చదివిన ‘ఆల్ స్టార్ కామిక్స్’ అంటే ప్రాణం. అది 1951లో సూపర్‌హీరోలని వదిలేసి కౌబాయ్ కథల్లోకి దిగిపోయింది. పుస్తకం మారినా ఈయన మారలేదు. ఆ కథలు రాసిన గార్డనర్ ఫాక్స్‌కి ఉత్తరాలు రాస్తూ, చివరికి ఆయన దాచుకున్న బైండు ప్రతులనే కొనేశాడు. 1960లో మిస్సౌరీ నుంచి రాయ్ థామస్ అనే కాలేజీ కుర్రాడు అదే ఫాక్స్‌కి ‘పాత సంచికలు అమ్ముతారా’ అని రాశాడు. ‘నా దగ్గర లేవు, ఫలానా ఆయన కొనుక్కున్నాడు, ఆయనకి రాయి’ అని ఫాక్స్ అడ్రసు ఇచ్చాడు. ఆ అడ్రసు వల్లే పత్రిక పుట్టింది.

1961 మొదట్లో బెయిల్స్ న్యూయార్క్ వెళ్లి డీసీ కామిక్స్ సంపాదకుడు జూలియస్ ష్వార్జ్‌ని కలిశాడు. ష్వార్జ్ కూడా ఈ తాను ముక్కే. 1932లో ‘ద టైమ్ ట్రావెలర్’ అనే సైన్స్ ఫిక్షన్ అభిమానుల పత్రికని నడిపిన కుర్రాళ్లలో ఒకడు. ఆయన బెయిల్స్‌కి ‘జీరో’ అనే పత్రిక చూపించాడు. డిక్, ప్యాట్ లుపాఫ్ దంపతులు తీసే ఆ సైన్స్ ఫిక్షన్ పత్రికలో పాత కామిక్స్ గురించి వ్యాసాలు వచ్చేవి. అది చూశాక బెయిల్స్ ఆగలేదు. 1961 మార్చిలో, థామస్ సహ సంపాదకుడుగా, ‘ఆల్టర్ ఈగో’ మొదటి సంచిక వచ్చేసింది.

ఇప్పుడు నా ప్రశ్న. ‘ఫ్యాన్‌జీన్’కి నేను ‘అభిమాన పత్రిక’ అని రాశాను. సరేనా?

జవాబు, వరంగల్ నుంచి:

అక్కా, ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. ‘నా అభిమాన నటుడు’ అంటే నేను ఇష్టపడే నటుడు గద. గట్లయితె ‘అభిమాన పత్రిక’ అంటే నాకు ఇష్టమైన పత్రిక అయితది గని, అభిమానులు తీసిన పత్రిక ఎట్లయితది?

జవాబు, రాజమండ్రి నుంచి:

అబ్బాయి పట్టుకున్నది నిజమే. కానీ ‘అభిమాన సంఘం’ అంటున్నాం కదా! అక్కడ ఇష్టమైన సంఘం అని ఎవరూ అనుకోరు, అభిమానుల సంఘం అనే అర్థం చేసుకుంటారు. పక్కన ఉన్న మాటని బట్టి సమాసం అర్థం తిరుగుతుంది. నటుడికి, రచయితకి, పత్రికకి ముందు పెడితే ‘ఇష్టమైన’ అని వస్తుంది. మనుషుల గుంపుకి ముందు పెడితే ‘అభిమానించేవాళ్ల’ అని వస్తుంది. కాబట్టి షష్ఠి పెట్టి ‘అభిమానుల పత్రిక’ అని రాయండమ్మా, గొడవ ఉండదు.

ఇంకొక మాట. మేము హాస్టల్లో ఉన్నప్పుడు లిఖిత పత్రిక తీసేవాళ్లం. చక్కని దస్తూరీ ఉన్నవాడు రాసేవాడు, బొమ్మలు వేసేవాడు వేరే. ఒక్కటే ప్రతి. చేతులు మారీ మారీ అంచులు నలిగిపోయేవి. మీరు చెప్పేది కూడా ఆ జాతిదే అనిపిస్తోంది. ‘లిఖిత పత్రిక’ అనే ఎందుకు అనకూడదు?

జవాబు (మొదట అడిగిన నేనే):

మాష్టారూ, ‘లిఖిత పత్రిక’ నాకూ ముందు తట్టింది. కానీ అది ఒకే ప్రతి. చదివేవాడు దాని దగ్గరికి రావాలి. ఫ్యాన్‌జీన్ పోస్టులో చదివేవాడి దగ్గరికి పోతుంది. తేడా అంతా అక్కడే ఉంది. 1961లో ష్వార్జ్ తన కామిక్స్‌లో పాఠకుల ఉత్తరాల కింద పూర్తి చిరునామాలు అచ్చు వేయడం మొదలుపెట్టాడు. మన వారపత్రికల్లో ‘కలం స్నేహం’ శీర్షికలు గుర్తున్నాయా, అలాంటి పనే. దేశంలో ఎక్కడెక్కడో ‘ఈ పిచ్చి నాకొక్కడికే ఉందేమో’ అనుకుంటున్నవాళ్లు ఒకళ్లకొకళ్లు దొరికారు. ఆ చిరునామాలే చందాదారుల జాబితా అయ్యాయి.

‘అభిమానుల పత్రిక’కి మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. ‘పిల్లల పత్రిక’ అంటే పిల్లలు తీసేదా? పిల్లల కోసం పెద్దవాళ్లు తీసేది. ‘మహిళల పత్రిక’, ‘రైతుల పత్రిక’ కూడా అంతే. పత్రికకి ముందు షష్ఠి పెడితే మన చెవికి ‘కోసం’ అనే వినిపిస్తుంది. 1973లో మార్వెల్ కంపెనీ ‘ఫూమ్’ అని ఒకటి తెచ్చింది. అది అభిమానుల కోసం కంపెనీ తీసిన పత్రిక. దానికి ‘అభిమానుల పత్రిక’ అతికినట్టు సరిపోతుంది. ‘ఆల్టర్ ఈగో’కి అదే పేరు పెడితే రెండిటికీ తేడా చెరిగిపోతుంది.

జవాబు, రాజమండ్రి నుంచి:

షష్ఠి సంగతి ఒప్పుకున్నాను. పిల్లల పత్రికతో కొట్టారు నన్ను. పోస్టు సంగతి కూడా సరే. ఇంతకీ అచ్చు దేని మీద? సైక్లోస్టైలేనా? మా స్కూల్లో పరీక్ష పేపర్లు అలాగే తీసేవాళ్లం. స్టెన్సిల్ మీద టైపు కొట్టి, మెషీనుకి చుట్టి తిప్పితే నల్ల ఇంకు కారుకుంటూ వచ్చేది. చొక్కాకి అంటితే ఇక అంతే.

జవాబు (నేనే):

దాని చుట్టమే గానీ అది కాదండీ. దాన్ని స్పిరిట్ డూప్లికేటర్ అంటారు, అమెరికా స్కూళ్లలో ‘డిట్టో’ అనేవాళ్లు. సైక్లోస్టైల్లో స్టెన్సిల్ చిల్లుల్లోంచి ఇంకు దిగుతుంది. ఇక్కడ ఇంకే ఉండదు. రాసే కాగితం వెనక మైనంతో కలిపిన ఊదా రంగు పూసిన ఇంకో కాగితం పెడతారు. పైన రాస్తే ఆ రంగు వెనకవైపు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి అంటుకుంటుంది. దాన్ని మెషీనుకి చుట్టి, స్పిరిట్‌తో తడిపిన తెల్లకాగితాలు ఒక్కొక్కటే పంపితే, ఒక్కోటి కొంచెం కొంచెం రంగు నాక్కుని పోతుంది. రంగు అయిపోతే ప్రతులూ అయిపోయినట్టే. ఒక మాస్టర్ కాగితం నుంచి ఏవో కొన్ని వందలు, అవీ చివరికొచ్చేసరికి పాలిపోయి. కాబట్టి ‘ఆల్టర్ ఈగో’ అక్షరాలు ఊదా రంగులో ఉండడం వాళ్ల ముచ్చట కాదు, మెషీను ఇచ్చిందే అది. ఎండ తగిలితే ఆ అక్షరాలు వెలిసిపోతాయి కూడా.

జవాబు, హైదరాబాద్ నుంచి:

అసలు ‘ఫ్యాన్‌జీన్’ అనే మాటలోనే మనవాళ్లున్నారు, చూశారా? ‘ఫ్యాన్’ అనేది ‘ఫనాటిక్’ తోక కోస్తే వచ్చింది. దాని మూలం లాటిన్ ‘ఫానుమ్’, అంటే గుడి. గుళ్లో పూనకం వచ్చినవాడు ఫనాటిక్. ఇక ‘మ్యాగజీన్’ అరబిక్ ‘మఖ్‌జన్’ నుంచి వచ్చింది, అంటే సరుకు దాచే కొట్టు. 1731లో లండన్‌లో ‘జెంటిల్మన్స్ మ్యాగజీన్’ వచ్చాకే ఆ మాట పత్రికలకి అంటుకుంది. అదే అరబిక్ ధాతువు నుంచి ఉర్దూ దారిన మనకొచ్చిన మాట ‘ఖజానా’. అంటే ‘ఫ్యాన్‌జీన్’ మొదట్లో గుడి, చివర్లో ఖజానా. తెలుగులో ఒక్క మాటలో కావాలంటే ‘హుండీ’ అని రాసేయండి!

అన్నట్టు, దాన్ని ‘ఫ్యాన్‌జైన్’ అనకండి బాబూ. మొన్న ఎవరో అలా చదివితే జైన మతం మీద పుస్తకమేమో అనుకున్నాను.

జవాబు (నేనే):

హుండీ సంగతి సంపాదకుడికి చెప్తాను, నా పారితోషికం అందులోనే వేస్తారేమో.

ఆ మాట పుట్టించినవాడు లూయీ రసెల్ షోవనే. 1940 అక్టోబరులో తన సొంత పత్రిక ‘డీటూర్స్’లో వాడాడు. అంతకుముందు ‘ఫ్యాన్‌మ్యాగ్’ అనేవాళ్లు. షోవనేకి వినికిడి లేదు. పలకడం దగ్గర మనం కొట్టుకుంటున్న మాటని చేసినవాడు దాన్ని చెవితో ఎప్పుడూ వినలేదన్నమాట. కాగితం మీదే పుట్టి కాగితం మీదే తిరిగిన మాట.

సరే, రెండో రాయికి వద్దాం. ‘ఆల్టర్ ఈగో’ అంటే లాటిన్‌లో ‘మరో నేను’. కామిక్స్‌లో సూపర్‌హీరో మామూలు మనిషిగా తిరిగే రెండో రూపాన్ని అలా అంటారు. దీనికి మన దగ్గర ‘ఆరోప్రాణం’, ‘బహిఃప్రాణం’ ఉన్నాయి. పంచప్రాణాల తర్వాత ఆరోది, బయట తిరిగేది. ఉత్తరరామచరితంలో రాముడు సీతని ‘హృదయం ద్వితీయమ్’ అన్నదీ ఆ దారిలోదే. రోమన్ రచయిత సిసిరో స్నేహితుణ్ణి ‘ఆల్టర్ ఇడెమ్’ అన్నాడు, మరో తాను అని. మరి వీటిలో ఒకటి పెట్టేయనా?

జవాబు, రాజమండ్రి నుంచి:

వద్దమ్మా. ఆరోప్రాణం అంటే ఎదుటి మనిషి. సూపర్‌హీరోకి ఎదుటి మనిషి ఎవడూ లేడు, వాడే వీడు. దానికి మనకి విరాటపర్వం ఉంది. కంకుభట్టు, వలలుడు, బృహన్నల. అవి చాలవన్నట్టు తమలో తాము పిలుచుకోడానికి జయ, జయంత, విజయ, జయత్సేన, జయద్బల అని గుప్తనామాలు వేరే. సూపర్‌మ్యాన్‌గా మారడానికి ఆ క్లార్క్ కెంట్‌కి టెలిఫోన్ బూత్ ఉంటే మన అర్జునుడికి జమ్మిచెట్టు లేదూ? ‘సింగం బాకటితో’ పద్యం చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చీర కట్టి ఏడాది నాట్యం నేర్పినవాడు ఆకలిగొన్న సింహంలా సేన మీదికి వస్తున్నాడు, చూసినవాళ్లు గుర్తుపడుతున్నారు. తిక్కన రాసిన ఆ ఘట్టానికి మించిన బొమ్మ ఏ కామిక్కులో ఉందో చూపించండి.

జవాబు, వరంగల్ నుంచి:

సారు, పద్యం సంగతి సరే. కని అజ్ఞాతవాసానికి గడువున్నది గద. ఏడాది ఒడిసిందంటే బృహన్నల లేడు. సూపర్‌మ్యాన్ అట్ల కాదు, పొద్దుగాల ఆఫీసుల కెంట్, మాపటికి ఆకాశంల. జీవితమంత రెండు బతుకులు. గది అజ్ఞాతవాసం గాదు, నౌకరి!

జవాబు (నేనే):

నౌకరీ అన్నావు చూడు తమ్ముడూ, అది రాయ్ థామస్‌కి సరిగ్గా సరిపోతుంది. 1964లో ఆయన ‘ఆల్టర్ ఈగో’ సంపాదకత్వం తీసుకునేనాటికి హైస్కూల్లో ఇంగ్లీషు మాష్టారు. అంతకుముందు మొదటి నాలుగు సంచికలు బెయిల్స్ చూశాడు, తర్వాతి రెండు రాన్ ఫాస్ అనే మరో అభిమాని చూశాడు. థామస్ పగలు వ్యాకరణం చెప్పి, మిగతా వేళల్లో ముసుగువీరుల వంశవృక్షాలు గీసేవాడన్నమాట. 1965లో ఉద్యోగం కోసం న్యూయార్క్ వెళ్లి, కొద్ది రోజులు డీసీలో ఉండి, స్టాన్ లీ పిలిస్తే మార్వెల్లో చేరాడు. 1972లో స్టాన్ లీ తర్వాత అక్కడ ప్రధాన సంపాదకుడయ్యాడు. రెండో బతుకు మొదటిదాన్ని మింగేసింది. పత్రిక మాత్రం మూలపడింది. 1969లో ఒకటి, 1978లో ఒకటి వచ్చి, మళ్లీ 1990ల చివర్లో ఆయన సంపాదకత్వంలోనే లేచి నిలబడింది. బెయిల్స్ ప్రొఫెసర్‌గానే ఉండిపోయాడు. అమెరికన్ కామిక్స్‌లో ఎవరు ఏది గీశారో, ఏది రాశారో జీవితాంతం పోగు చేస్తూ 2006లో పోయాడు. పేర్లు అచ్చు వేయని ఆ పాత రోజుల పుస్తకాల్లో ఎవరి చేయి ఎక్కడ ఉందో ఇవాళ చెప్పగలుగుతున్నామంటే అందులో ఆయన వాటా పెద్దది. నాకు ఇద్దరిలో ఆయనంటేనే ఎక్కువ ఇష్టం, దాచుకోను.

అన్నట్టు, ఇందాక ‘ముసుగువీరులు’ అన్నాను. అప్పటి అభిమానులు ‘కాస్ట్యూమ్డ్ హీరోలు’ అనేవాళ్లు. మొదట దాన్ని ‘వేషధారి వీరులు’ అని రాసి, మా అమ్మకి చదివి వినిపించాను. ‘ఎవరే ఆ దొంగసచ్చినోళ్లు’ అంది. తెలుగులో వేషధారి అంటే మోసగాడే మరి. కొట్టేశాను.

ఇదీ ఇప్పటికి నా నిర్ణయం. ‘ఫ్యాన్‌జీన్’ని అలాగే ఉంచుతున్నాను, మొదటిసారి వచ్చినచోట ‘అభిమానులే చేతిడబ్బు పెట్టుకుని తీసే పత్రిక’ అని పక్కన చెప్తున్నాను. ‘తీసే’ అన్న క్రియ ఉంటే ఎవరు తీస్తున్నారో తేలిపోతుంది, షష్ఠితో పేచీ ఉండదు. ‘ఆల్టర్ ఈగో’ పేరు కాబట్టి దాన్నీ ముట్టుకోను. అర్థం చెప్పే చోట ‘రెండో నేను’ అని రాస్తాను.

జవాబు, హైదరాబాద్ నుంచి:

‘రెండో నేను’ బాగుంది. ఒక్క చిన్న అనుమానం. ఆ మొదటి సంచికల్లో పేరు మధ్య అడ్డగీత ఉండేది కదా, ‘ఆల్టర్’కీ ‘ఈగో’కీ మధ్య. తెలుగులో పెడతారా?

జవాబు (నేనే):

మొదటి సంచిక గురించి చెప్పే పేరాలో పెట్టాను. టైపు చేసినతను అచ్చుతప్పనుకుని తీసేశాడు. మళ్లీ పెట్టాను. ప్రూఫులు గురువారం వస్తాయి, చూడాలి.