శ్రీరంగపట్నంలో ముందు గుడికా, దరియా దౌలత్‌కా? భోజనం ఎక్కడ?

మేం బెంగళూరులో ఉంటాం. వచ్చే ఆదివారం అమ్మానాన్నల్ని శ్రీరంగపట్నం తీసుకెళ్తున్నాం. అమ్మకి రంగనాథస్వామి దర్శనం ముఖ్యం. నాన్న చరిత్ర మాస్టారుగా రిటైరయ్యారు. టిప్పు సుల్తాన్ వేసవి మహల్ దరియా దౌలత్ గోడల మీద 1780 నాటి పొల్లిలూరు యుద్ధం బొమ్మలు, 1799లో టిప్పు నేలకొరిగిన చోటు చూడాలని ఎప్పట్నుంచో ఆశ. దారిలో మద్దూరులో వడ కోసం ఆగడం మాత్రం ఖాయం. ఉల్లిపాయ ముక్కలు దట్టంగా పడి, అంచులు కరకరలాడే ఆ వడ వేడిగా ఉండాలి, చల్లారితే ఆ రుచి రాదు.

మధ్యాహ్నం గుడి మూసేలోపు దర్శనం కావాలంటే ముందు అక్కడికే వెళ్ళాలా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు. సంగమం దగ్గర కావేరి నీళ్ళ దాకా దిగగలదా? ఊళ్ళో రాగిముద్ద, సొప్పిన సారు (ఆకుకూరల చారు) ఇంటి రుచితో పెట్టే శాకాహార మెస్ ఏదైనా ఉంటే చెప్పండి. ఈమధ్య వెళ్ళొచ్చినవాళ్ళు చెప్తే ఇంకా మేలు.