పాకాల చెరువు నీళ్లలో అక్లియా అనే నీటి బూజు తప్ప ఇంకేం వస్తలేదు, ఎక్కడ తప్పు చేస్తున్న?

నర్సంపేట_బోటనీ:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ బోటనీ ఫైనలియర్, ప్రాజెక్టు పాకాలల నీటి ఫంగస్ మీద. మూడు నెలల సంది తూము కాడ సీసాల నీళ్లు పట్టుకొచ్చి, పెట్రి డిష్‌ల పోసి, ఉడకబెట్టి చీల్చిన నువ్వులు వేస్తున్న, రెండు మూడు రోజులకు దూది లెక్క తెల్లటి బూజు వస్తది, మైక్రోస్కోప్ కింద చూస్తే ప్రతిసారి అక్లియానే. పుస్తకంల ఉండే నాలుగు చేతుల స్పోర్లు (ఫంగస్‌కు విత్తనాల లెక్కటివి) ఒక్కటి కూడ కనపడలె. ఒక్క పేరుతోని డైవర్సిటీ అని ఏం రాయాలె?

బూజు_మాస్టారు:
తప్పేం లేదమ్మా, నువ్వులు వేస్తే నువ్వుల మీద బతికేవే వస్తాయి. ఎర మార్చు. పాము కుబుసం ముక్కలు, వెంట్రుకలు, సెల్లోఫేన్, ఉడికించిన గడ్డి పోచలు, పైన్ పుప్పొడి దొరికితే అది కూడా, ఒక్కోదానికి ఒక్కో డిష్ పెట్టు, కైట్రిడ్లు అనే అతి చిన్న నీటి ఫంగస్‌లు అక్కడ పట్టుబడతాయి. వచ్చినవన్నీ అక్లియానే అని కూడా అప్పుడే రాసేయకు, స్పోర్లు అవి తయారయ్యే సంచి మూతి దగ్గరే బంతిలా గుమిగూడి ఆగితే అక్లియా, బయటికి రాగానే ఈదుకుంటూ పోతే సాప్రోలెగ్నియా, సంచిలోనే ఉండిపోయి వల లాంటి ఖాళీ గళ్లు మిగిలిస్తే డిక్టియూకస్. ఈ మూడూ అసలైన ఫంగస్ కాదు, ఊమైసీట్లు, అంటే ఫంగస్‌లా కనపడే వేరే జాతి జీవులు, థీసిస్‌లో వీటికి వేరే పట్టిక పెట్టు.

ఇక నాలుగు చేతులవి. 1942లో ఇంగోల్డ్ అనే బ్రిటిష్ ఫంగస్ శాస్త్రవేత్త వాటి గురించి రాసింది ఇంగ్లండ్‌లో ఒక వాగులో కుళ్లిన ఆల్డర్ చెట్టు ఆకుల మీద చూసి. వాటికి గలగలా పారే నీళ్లు, బాగా ఆక్సిజన్ కావాలి, తూము దగ్గర నిలవ నీళ్లలో వెతికితే దొరకడం కష్టం. వానలు పడ్డాక వాగు చెరువులో కలిసే చోట రాళ్లకు ఆగిన నురుగు స్పూన్‌తో తియ్యి, ఆ చేతులు బుడగలకు తగులుకుని అక్కడ పోగవుతాయి. ఆలస్యమైతే మొలకెత్తిపోతాయి కాబట్టి ఎఫ్ఏఏ (ఫార్మలిన్, ఎసిటిక్ యాసిడ్, ఆల్కహాల్ కలిపిన ద్రవం) అక్కడికక్కడే కలుపు.

తడి_ఆకు:
మాస్టారు చెప్పింది నిజమే కానీ చెరువుకి దాని సొంత ఫంగస్ ఉంది, దాన్ని వదిలేయొద్దు ప్లీజ్. అడుగున బురదలో నల్లబడ్డ ఆకుల్లో గాలి సరిగా అందకపోయినా బతుకుతూ, నీళ్లు వెనక్కి పోయి ఆకు బయటపడ్డాకే స్పోర్లు పెట్టేవి కొన్ని ఉంటాయి, వాటి స్పోర్లు స్ప్రింగులా చుట్టుకుని లోపల గాలి పట్టుకుని తేలతాయి. నాకైతే మొత్తం సబ్జెక్టులో ఇంత అందమైనవి వేరే లేవు. వేసవిలో ఒడ్డు దిగినప్పుడు ఆ ఆకులు తెచ్చి కడిగి తడి బ్లాటింగ్ పేపర్ మీద మూతపెట్టి ఉంచు. మునిగిన కొమ్మలు కూడా తెచ్చుకో, వాటిని మాత్రం నెలల తరబడి చూస్తూ ఉండాలి. పాకాల అభయారణ్యం కదా, ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ ముందే తీసుకో.

కైకలూరు_హేచరీ:
మాది చేపల పని, చదువు తక్కువ, అయినా ఒక మాట. మా దగ్గర చచ్చిన గుడ్డుకి ముందు బూజు పట్టి పక్కన బతికున్న గుడ్లకి పాకుద్ది, అది మీరు చెప్పే సాప్రోలెగ్నియానే. కొర్రమీనుకి చలికాలంలో ఎర్ర మచ్చతో మొదలై కండదాకా తినేసే పుండు మాత్రం అఫనోమైసిస్ అనే ఇంకో నీటి బూజు వల్ల అండి, 1988లో మన దేశంలోకి వచ్చిందంటారు. అది చాలా నెమ్మదిగా పెరుగుద్ది, డిష్‌లో మిగతా బూజులు ముందే కప్పేస్తాయి. మీకు కనపడలేదంటే చెరువులో లేదని రాయకండి.

నర్సంపేట_బోటనీ:
సర్, అన్నా, అందరికీ చాలా థ్యాంక్స్. పాత స్లైడ్లు దాచిన, స్పోర్ల సంచులు మళ్ల మొదటి నుంచి చూస్త. కుబుసం మా పొలం గట్టు మీదనే దొరుకుతది. ఆకులు కడగనీకి నల్లా నీళ్లు వాడొచ్చా, క్లోరిన్ ఉంటది కదా?

తడి_ఆకు:
నల్లా వద్దు. చెరువు నీళ్లే వడకట్టి మరగబెట్టి చల్లార్చి వాడు.