వీఆర్ (వర్చువల్ రియాలిటీ) బస్సులో స్కిజోఫ్రీనియా ఉన్నవారి ప్రవర్తనను కొలవడంపై సలహా కావాలి

నమస్కారం. క్లినికల్ సైకాలజీలో పరిశోధన చేస్తున్నాను. స్కిజోఫ్రీనియా (భ్రమలు, లేనిపోని అనుమానాలు కలిగించే మానసిక వ్యాధి) ఉన్నవారు అపరిచితుల మధ్య ఎలా మసలుకుంటారో వర్చువల్ రియాలిటీ (తలకు హెడ్‌సెట్ తగిలించుకుని చూసే కంప్యూటర్ సృష్టి) ద్వారా గమనించాలన్నది నా ఉద్దేశం. లండన్ భూగర్భ రైలు పెట్టెను కంప్యూటర్‌లో సృష్టించి, ఎవరి జోలికీ పోని ప్రయాణికులను అందులో ఉంచి, 200 మంది సాధారణ పౌరుల స్పందనను పరిశీలించిన బ్రిటిష్ మనస్తత్వవేత్త డేనియల్ ఫ్రీమన్ బృందం అధ్యయనం (2008) నాకు ఆధారం. ఆ బొమ్మ ప్రయాణికులకు ఎవరిమీదా ద్వేషం ఉండదు కనుక, "వాడు నన్ను చూసే నవ్వాడు" అని ఎవరైనా అంటే ఆ అనుమానం చూసినవారిదేనని తేల్చవచ్చు; నిజమైన బస్సులో ఈ వెసులుబాటు దొరకదు.

నేను హైదరాబాద్ సిటీ బస్సును నమూనాగా తీసుకున్నాను. హెడ్‌సెట్ తల కదలికలనూ, ఎదుటి బొమ్మకు ఎంత ఎడంగా నిలబడ్డారన్నదానినీ నమోదు చేస్తుంది. అయితే ఈ వ్యాధికి వాడే మందుల వల్ల కొందరిలో వచ్చే కండరాల బిగుతు, కుదురుగా నిలబడనివ్వని అస్థిమితం కూడా ఆ లెక్కలోనే కలిసిపోతాయి. భయంతో వెనక్కి వేసిన అడుగును, మందు ప్రభావంతో వేసిన అడుగును వేరుచేయడం ఎలా? ముందుగా ఖాళీ బస్సులో కాసేపు నడిపించి, ఆ కొలతతో పోల్చితే సరిపోతుందా? కిక్కిరిసిన బస్సులకు అలవాటుపడిన మనకు లండన్ కొలతలు యథాతథంగా పనికిరావనే అనుకుంటున్నాను.

ఇటువంటి ప్రయోగాలు చేసినవారు, మానసిక వైద్యులు, ముఖ్యంగా ఈ మందులు వాడుతున్నవారు దయచేసి మీ అనుభవం తెలియజేయగలరు.