ఫిజియోథెరపీకి డేట్ తీసుకుని రానివాళ్ళ దగ్గర డిపాజిట్ కట్టించుకోవాలా?

ఓరుగల్లు ఫిజియో: నేను పనిచేసే సర్కారు దవాఖానాలో ఫిజియోథెరపీ డేట్‌కు 3 వారాలు ఆగాలి. నిన్న రిజిస్టర్‌లో 12 పేర్లుంటే 5గురు రాలేదు. ఆ టైమంతా వృథా. పక్షవాతం వచ్చినవాళ్ళు ఎక్కువగా కోలుకునేది మొదటి 3 నెలల్లోనే. అలాంటివాళ్ళు లిస్టులో ఎదురుచూస్తున్నారు. డేట్ ఇచ్చేటప్పుడు 100 రూపాయలు కట్టించుకుని, వచ్చినరోజు తిరిగిచ్చేస్తే ఎలా ఉంటుంది?

రిటైర్డ్ హెడ్మాస్టర్: సర్కారు దవాఖానాలో డిపాజిట్ ఏ జీవో ప్రకారం తీసుకుంటారు?

జనగామ కోడలు: మా మామయ్యకు కుడివైపు పడిపోయింది. ఆయన్ని బస్సు ఎక్కించలేం. ఆటోకు రానుపోను 600. ఎత్తి కూర్చోబెట్టడానికి మా ఆయన ఆరోజు కూలి మానుకోవాలి. ఇంకా పైన 100 కట్టాలా సార్?

ఓరుగల్లు ఫిజియో: వచ్చినవాళ్ళకు తిరిగిస్తామనే అంటున్నానమ్మా. రాలేకపోతే ముందురోజు ఒక ఫోన్ చేయడానికి ఆటో అక్కర్లేదు కదా. మేం మెసేజ్ కూడా పెడుతున్నాం.

సిద్దిపేట: మా నాన్న పేరు మీద నా నంబరే ఇచ్చారు. నేను హైదరాబాద్‌లో ఉంటా. మెసేజ్ ఇంగ్లీషులో వచ్చింది, డ్యూటీలో ఉండి చూడలేదు. డేట్ పోయింది.

మెడనొప్పి: నాకు డేట్ వచ్చేసరికి నొప్పి తగ్గింది. రానని చెప్పాలని తట్టలేదు. తప్పే.

రిటైర్డ్ హెడ్మాస్టర్: జీవో నంబరు అడిగాను. పేదవాడి దగ్గర రూపాయి తీసుకున్నా దానికి లెక్క ఉండాలి.

ఓరుగల్లు ఫిజియో: జీవో లేదు సార్, ఉండాలనే అంటున్నా! ఉచితంగా దొరికేదాన్ని మనవాళ్ళు పట్టించుకోరు.

జనగామ కోడలు: ఆ మాట అనకండి. మేం పట్టించుకోకపోతే 4 సార్లు ఎందుకు తీసుకెళ్ళాం? వెళ్ళిన ప్రతిసారీ 10 నిమిషాలు కరెంటు పెట్టి పంపేశారు. నడిపించలేదు, ఇంట్లో ఏం చేయించాలో చెప్పలేదు. 5వ సారి మామయ్యే వద్దన్నారు. రామని చెబుదామంటే చీటీ మీద నంబరు లేదు.

ఓరుగల్లు ఫిజియో: మీరు వెళ్ళింది నా దగ్గరికి కాదు. అయినా ఒప్పుకుంటా, నేనూ 10 నిమిషాలే ఇస్తున్నా. ఒక్కడినే ఉన్నా. ఒక్కొక్కరికి అరగంట ఇస్తే లిస్టు 3 వారాలు కాదు, 2 నెలలవుతుంది. ఎవరిని ఆపమంటారు, చెప్పండి.

జనగామ కోడలు: వారానికి 2సార్లు పిలవకండి. 15 రోజులకోసారి పిలిచి ముప్పావు గంట చూడండి. మంచం మీంచి ఎలా లేపాలో, చేయి ఎలా కదిలించాలో నాకు నేర్పండి. రోజూ చేయించేది నేనే కదా.

ఓరుగల్లు ఫిజియో: మా సూపరింటెండెంట్‌ను అడుగుతా. చీటీ మీద ఫోన్ నంబరు మాత్రం రేపే రాయిస్తా, మెసేజ్ తెలుగులో పెట్టిస్తా. కానీ అప్పుడు ఒక్కరు రాకపోయినా పోయేది ముప్పావు గంట. డిపాజిట్ మాట నేను వదలను.