కూచిపూడి నేర్చుకునే అమ్మాయికి గాత్రం ఎంతవరకు అవసరం?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. చిన్నతనం నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. ఈ మధ్యే వాళ్ల గురువుగారు భామాకలాపం అనే నృత్యనాటకంలో సత్యభామ వేదిక మీదికి వస్తూ తనను పరిచయం చేసుకునే పాట, అంటే ప్రవేశ దరువు, మొదలుపెట్టారు. వేదిక మీద కనీసం పల్లవి అయినా అమ్మాయే పాడుతూ అభినయించాలని, చెలికత్తె మాధవితో సంభాషణ కూడా తానే చెప్పాలని ఆవిడ పట్టుబడుతున్నారు. అమ్మాయికి లయజ్ఞానం ఉంది కానీ సంగీతం విడిగా నేర్పించలేదు. వచ్చే ఏడాది పదో తరగతి. ఇప్పుడు సంగీతంలో తొలి పాఠాలైన సరళీ స్వరాల నుంచి మొదలుపెడితే ఈ దరువు పాడగలిగే స్థితికి ఎప్పటికి వస్తుందో తెలియడం లేదు. నేడు చాలామంది రికార్డింగు మీదే ఆడుతున్నారు కదా, అంత శ్రమ ఎందుకని మావారు అంటున్నారు. మరో సందేహం: మా దగ్గరున్న రికార్డింగు మగవారు పాడినది. దానితో కలిసి పాడబోతే కిందిస్థాయిలో అమ్మాయి గొంతు వినబడదు, పైస్థాయిలో అందదు. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

సమాధానం 1 (నృత్య ప్రదర్శనలకు పాడే గాయని, హైదరాబాదు)

అమ్మా, ముందుగా శ్రుతి (గొంతుకు ఆధారంగా పెట్టుకునే స్వరస్థాయి) సంగతి చెబుతాను, ఎందుకంటే అది తేలిగ్గా తీరేది. ఆ రికార్డింగును వినడానికే ఉంచుకోండి, దానితో కలిపి పాడించవద్దు. మగవారు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు (అంకె పెరిగేకొద్దీ స్థాయి హెచ్చు). ఆడపిల్లలకు నాలుగున్నర నుంచి ఐదున్నర మధ్య ఎక్కడో ఒకచోట గొంతు హాయిగా పలుకుతుంది. ఫోనులో తంబురా యాప్ పెట్టి, మంద్రస్థాయి (కిందిస్థాయి) పంచమం నుంచి తారస్థాయి (పైస్థాయి) పంచమం దాకా ఎక్కడ ఒత్తిడి లేకుండా పలుకుతుందో ఒక సంగీతం టీచరు ఎదుట చూసుకుని, ఆ శ్రుతినే స్థిరపరచండి.

ఇక దరువు విషయం. ప్రవేశ దరువు భైరవి రాగంలో ఉంటుంది. ఆ రాగంలో పైకి వెళ్లేటప్పుడు చతుశ్రుతి ధైవతం (‘ద’ స్వరంలో హెచ్చు రూపం), దిగేటప్పుడు శుద్ధ ధైవతం (దానిలో తగ్గు రూపం) వస్తాయి. సంగీతం రాని పిల్లలు దరువును కేవలం విని పాడినప్పుడు ఈ రెండు ధైవతాలూ కలిసిపోవడం నేను తరచుగా గమనించాను. అందుకని సరళీ, జంట వరుసలు, అలంకారాలు అనే తొలి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో రోజూ కొంతసేపు సాగుతూనే ఉండాలి. ఆ పక్కనే దరువును ఒక్కొక్క పాదం చొప్పున గురుముఖతః పాఠం చేయించాలి. వర్ణాల (తొలి పాఠాల తరువాత వచ్చే పెద్ద రచనల) దాకా వచ్చాకే దరువు పాడాలనే నియమం ఏదీ లేదు. కచేరీ గాయనిని తయారుచేయడం వేరు, సత్యభామ నోట మాట పలికించడం వేరు.

రికార్డింగు మీద ఆడితే ఏమవుతుందన్నారు కదా. ఎదురుగా నర్తకి ఉన్నప్పుడు నా కళ్లు ఆమె కళ్ల మీదే ఉంటాయి. ఆమె సంచారి (పాదంలోని భావాన్ని విస్తరించే అభినయం) ఇంకా పూర్తి కాలేదని తెలిస్తే అదే పాదాన్ని మరో సంగతితో (స్వరాల మలుపుతో) మళ్లీ పాడతాను. భావం తెగే చోట పాటను ఆపి నిలుపుతాను. రికార్డింగులో ఆ పాదం ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లే. సత్యభామ గర్వం ఆ లెక్కలో ఇమిడిపోవలసి వస్తుంది. అయితే పాఠశాల వార్షికోత్సవానికి పక్కవాద్యాలను పిలిపించే స్తోమత అందరికీ ఉండదు, అక్కడ రికార్డింగును నేను తప్పుపట్టను.

సమాధానం 2 (నాట్యాచార్యులు, కృష్ణా జిల్లా)

పై సోదరి చెప్పినదానితో ఏకీభవిస్తూ, మీ గురువుగారి పట్టుదల వెనుక ఉన్న కారణాన్ని వివరిస్తాను. కూచిపూడి భాగవతులది నాటకం. ఆంగికం (దేహ కదలిక), వాచికం (మాట, పాట), ఆహార్యం (వేషం), సాత్వికం (మనోభావం) నాలుగూ ఒకే పాత్రధారి బాధ్యత. మైకులు లేని రోజుల్లో ఊరూరా తిరిగి రాత్రంతా ఆడిన ఆ కళాకారులు తమ మాట తామే చెప్పుకున్నారు, తమ పాట తామే అందుకున్నారు. తెర మీదుగా జడను వేసి, తన అందానికి సాటి ఎవరని సవాలు విసిరే సత్యభామ ఆ వెంటనే నోరు తెరిచి తానెవరో చెప్పుకోవాలి. అక్కడ వేరే గొంతు వస్తే ఆ ధాటి సగం తగ్గుతుందని నా గట్టి అభిప్రాయం.

నాట్యగురువు వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, నృత్యనాటకాలను పెద్ద రంగస్థలానికి తగినట్టు మలిచినప్పుడు గానభారం ఎక్కువగా వాద్యబృందం వైపున్న గాయకులకు మారింది. పట్రాయని సంగీతరావుగారి వంటి విద్వాంసుల సంగీతం ఆ నాటకాలకు ఎంత బలాన్నిచ్చిందో అందరికీ తెలుసు. నర్తకి దేహానికి ఆ పద్ధతి ఇచ్చిన వెసులుబాటూ నిజమే. ఆ పద్ధతిని నేను తక్కువ చేయడం లేదు. కానీ భామాకలాపాన్ని పాత సంప్రదాయంలో కలాపంగా ఆడేటప్పుడు వాచికాన్ని వదలకూడదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆడుతూ మొత్తం పాడాలని అమ్మాయిని బలవంతపెట్టవద్దు. పాత్రధారి నిలుచున్న భంగిమలో పాట పంక్తిని ఎత్తుకోవాలి, వెనుక వంతపాట దాన్ని అందుకున్నాక అభినయం విస్తరించాలి, జతి (అడుగులకు పలికే తాళ శబ్దాలు) వచ్చినప్పుడు నోరు పూర్తిగా మూసి ఊపిరి దాచుకోవాలి. సాధనలో మొదట కూర్చుని చేత్తో తాళం వేస్తూ పాడించండి. తరువాత నిలబడి హస్తాలతో, ఆ తరువాతే అడుగులతో. తీర్మానం (జతికి ముగింపు) అయిన మరుక్షణం పల్లవి ఎత్తుకునే చోటును విడిగా పదేపదే చేయించాలి, ఎందుకంటే ఆయాసంలో శ్రుతి జారేది అక్కడే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. శ్రుతి, సాధనా క్రమం రెండూ స్పష్టమయ్యాయి. సంభాషణల గురించి ఒక్క మాట చెప్పండి. అమ్మాయి చదివేది ఇంగ్లీషు మీడియం. పాడేటప్పుడు పర్వాలేదు కానీ, వచనం చెప్పేటప్పుడు ఒత్తులు తేలిపోతున్నాయి.

సమాధానం 2 (కొనసాగింపు)

అది ఈ తరం పిల్లలందరిలోనూ కనిపిస్తున్నది. వచనాన్ని పాఠ్యపుస్తకంలా చదివించవద్దు. మొదట అర్థం చెప్పండి: సత్యభామ ఎవరితో మాట్లాడుతోంది, భర్త పేరేమిటని మాధవి అడిగినప్పుడు ఎందుకు సిగ్గుపడుతోంది, ఆ పేరును నేరుగా చెప్పకుండా ఎలా సూచిస్తోంది. అర్థం పట్టుబడ్డాక సంధులను విడగొట్టి నెమ్మదిగా, ఆపై కలిపి పలికించండి. ల, ళ, న, ణ, శ, ష, స తేడాలను రోజుకు నాలుగు పంక్తుల మీద సరిచేస్తే చాలు. వీలైతే ఇంట్లో పెద్దవారు ఎవరైనా మాధవి మాటలు అందించాలి; ఎదుట మనిషి ఉంటేనే అమ్మాయి గొంతులో విరుపు వస్తుంది.

సమాధానం 1 (కొనసాగింపు)

పదో తరగతి సంవత్సరంలో కొత్త పాఠాలు ఆపినా, ఉదయం తంబురాతో పావుగంట సాధనను మాత్రం ఆపవద్దని మనవి. ఆడపిల్లల గొంతు ఈ వయసులో కుదురుకుంటూ ఉంటుంది. ఏడాది ఖాళీ వస్తే శ్రుతి శుద్ధిని మళ్లీ మొదటి నుంచి పట్టుకోవలసి వస్తుంది. సంగీతం టీచరును ఎంచుకునేటప్పుడు ఆవిడను ఒకసారి నాట్య తరగతికి తీసుకువెళ్లండి. దరువు ఏ కాలంలో నడుస్తుందో, ఎక్కడ జతి పడుతుందో ఆవిడ స్వయంగా చూస్తే పాఠం కూడా అందుకు తగ్గట్టే చెబుతారు.