తిరుపతిలో 40 అంకణాల ఇల్లు, సెల్లార్ లేదు: మెట్లు లోపలా, బయటా?

కొర్లగుంట_వాసి
నమస్కారం. 30 అడుగుల వెడల్పు, 48 అడుగుల లోతు, తూర్పు రోడ్డు. అంకణం 36 చదరపు అడుగుల లెక్కన సరిగ్గా 40 అంకణాలు. బేస్‌మెంట్ లేకుండా కింద, పైన రెండు అంతస్తులు అనుకున్నాం. అమ్మానాన్న (ఇద్దరూ డెబ్బై దాటినారు), మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఉత్తరం 4, దక్షిణం 3, పడమర 3, తూర్పు 5 అడుగులు వదిలితే కట్టడం 23×40. ఆగ్నేయంలో 10×11 పోర్టికో. దాని వెనక వరుసగా వంటిల్లు 10×8.5, లోపలి మెట్లు 10×7, నైరుతిలో అమ్మానాన్నల గది 10×11. ఉత్తరం వైపు హాలు 11×18, దేవుడి గది, వాయవ్యంలో పిల్లల చదువు గది. నాన్నవాళ్ల బాత్రూము మెట్ల ల్యాండింగు కింద. సెల్లార్ లేదు కాబట్టి సామాన్లు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పండి.

చిత్తూరు_మిత్ర
బేస్‌మెంట్ లేకుండా ఇల్లెట్ల కడతారన్నా? కనీసం మూడడుగులన్నా లేపకపోతే కార్తీకమాసం వానకే నీళ్లు హాల్లోకి వస్తాయి.

కొర్లగుంట_వాసి
నేను చెప్పింది నేల కింది గది గురించి అన్నా.

చిత్తూరు_మిత్ర
అది సెల్లార్. మేస్త్రీ దగ్గర బేస్‌మెంట్ వద్దు అంటే రోడ్డు మట్టానికే గచ్చు వేస్తాడు. మాట సరిగ్గా వాడాల. ఎత్తెంత పెడతా ఉండారో చెప్పనేలేదు.

ఓవర్సీర్
సెల్లార్ వద్దనుకోవడం మంచిదే. దక్షిణాన మూడడుగులే వదిలి తొమ్మిదడుగులు తవ్వితే పక్కింటి పునాది కింద మట్టి జారుతుంది. వాళ్ల ఫుటింగులు ఐదడుగుల్లోనే ఉంటాయి. పైగా సెల్లార్ గోడకు నీళ్లు ఆగే పూత బయటి నుంచి వేయాలి, అందుకు గోడ అవతల మనిషి నిలబడే జాగా కావాలి, ఇక్కడ లేదు. లోపల్నుంచి పూసింది రెండు వానాకాలాలకు ఉబ్బి రాలిపోతుంది.

ఇక బాత్రూము. ఆ పటంలో పెద్ద తప్పు అదే. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులు, అంటే 126 అంగుళాలు. ఏడంగుళాల మెట్టు పెడితే 18 మెట్లు, తొమ్మిదేసి రెండు వరసలు. ల్యాండింగు 63 అంగుళాల మీద వస్తుంది, స్లాబు మందం ఆరు తీసేస్తే కింద మిగిలేది 57. ఐదడుగులు కూడా లేదు. అక్కడ డెబ్బై దాటిన మనిషి స్నానం ఎట్ల చేస్తాడు? కింది వరస పన్నెండు మెట్లు చేస్తే ఆరున్నర అడుగులు దొరుకుతుంది కానీ, పదంగుళాల పాదం (మెట్టు మీద కాలు పెట్టే వెడల్పు) చొప్పున పదకొండు పాదాలు, మూడడుగుల ల్యాండింగు కలిపి 12 అడుగుల 2 అంగుళాల పొడవు కావాలి. నీకున్నది పదే. మెట్లు పోర్టికోలోంచి బయటికి తీసేయి. ఆ 70 చదరపు అడుగుల్లో పద్ధతైన బాత్రూము, పక్కనే సామాన్ల గది వస్తాయి.

పుత్తూరు_అక్క
బాత్రూము సంగతి ఒప్పుకుంటా. మా అత్తగారింట్లో అట్లాంటిదే ఉండాది, మా మామ తలకు రెండుసార్లు కుట్లు పడినాయి. కానీ మెట్లు బయటికి తీసేయడం దానికి మందు కాదు. రాత్రి రెండు గంటలకు పెద్దాయనకు ఆయాసం వస్తే పైనున్న కొడుకు తలుపు తీసి, వానలో దిగి, మళ్లీ కింద తలుపు కొట్టాల. ఆరుగురూ ఒకే కుటుంబమైతే మెట్లు లోపలే ఉండాల.

ఓవర్సీర్
వానకు పైన షీటు వేస్తారు, రాత్రికి బెల్లు పెడతారు. అవి చిన్న విషయాలు.

మదనపల్లె_చలి
ఎనిమిదడుగుల చిన్న సెల్లార్, బియ్యం మూటలకు మాత్రం, ఐనా కష్టమేనా?

ఓవర్సీర్
బియ్యానికి అంతకంటే చెడ్డ చోటు ఉండదు. నేల కింది గోడకు చెమ్మ తప్పదు. ఇంకోటి, వంట గ్యాసు గాలి కంటే బరువు. లీకైతే పల్లానికి దిగి సెల్లార్‌లోనే నిలుస్తుంది.

తిరుపతిలో భూగర్భజలం ఎంత పైకి వస్తుందో 2021 నవంబరులో అందరూ చూసినారు. శ్రీకృష్ణానగర్‌లో సిమెంటు రింగుల నీళ్లతొట్టి, శుభ్రం చేస్తుండగానే నేలలోంచి పైకి లేచింది. అది మాయ కాదు, లెక్క. నీ ఇంటికి ఈశాన్యంలో సంపు తప్పదు కదా, దానికీ ఇదే లెక్క. లోపల 10×6, లోతు 6 అంటే పది వేల లీటర్ల పైచిలుకు. గోడలు ఆరంగుళాలు, పైనా కిందా స్లాబులు కలిపితే బయటి కొలత సుమారు 11×7×7. చుట్టూ నీళ్లు నేల మట్టానికి వస్తే కింద నుంచి తోసే బలం 15 టన్నులు, కాంక్రీటు బరువు 12 చిల్లర. ఖాళీ సంపు లేస్తుంది. అందుకని అడుగు స్లాబును గోడల కంటే అడుగు బయటికి వేసి దాని మీద మట్టి నింపాలి, వానాకాలంలో కనీసం రెండడుగుల నీళ్లు ఉంచాలి. ఆ రెండడుగులే మూడున్నర టన్నుల దాకా బరువు ఇస్తాయి. సంపు కడగడం ఎండాకాలంలో పెట్టుకోండి, నవంబరులో వద్దు.

చిత్తూరు_మిత్ర
అన్నీ చెప్తా ఉండారు, బేస్‌మెంట్ ఎత్తు మాత్రం ఎవరూ చెప్పరు. మూడడుగులు. గ్రావెలు ఆరంగుళాల పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టాల. ఒకేసారి నింపితే మరుసటి ఏడాదికి గచ్చు దిగి టైల్స్ డబడబమంటాయి.

పుత్తూరు_అక్క
మూడడుగులంటే 36 అంగుళాలు తమ్ముడూ. ఆరంగుళాల మెట్టు పెట్టినా ఆరు మెట్లు ఎక్కాల. చక్రాల కుర్చీకి వాలు కావాలంటే అంగుళానికి అడుగు చొప్పున 36 అడుగుల పొడవు, స్థలం వెడల్పే 30. రెండడుగులు చాలు. ఆరు మెట్లు పెట్టేట్లయితే రెండు వైపులా కమ్మీలు వేయాల. అసలు కింద ఎవరు ఉంటారో చూడకుండా కొలతలు చెప్తా ఉండారు అందరూ.

చిత్తూరు_మిత్ర
రెండడుగులు పెడితే, రోడ్డు రెండుసార్లు వేసినాక ఇంటి గడప కాలువ అంచుకు వస్తుందక్కా.

ఓవర్సీర్
ఎత్తు గొడవ పక్కన పెట్టండి. మెట్లు బయట పెడితే రేపు పైభాగం వేరే వాడకానికి కూడా పనికొస్తుంది. నాకు తెలిసి తిరుపతిలో మెట్లు బయట పెట్టి పశ్చాత్తాపపడినవాళ్లు లేరు.

పుత్తూరు_అక్క
ఆ "వేరే వాడకం" ఏదో తెలుగులో చెప్పండి సార్. బాడుగ. మెట్లు బయటికంటే బాడుగకే. బాత్రూము పేరు పెట్టి మీరు చెప్తా ఉండేది అదే.

ఓవర్సీర్
అవును, బాడుగకే. తప్పేముందమ్మా? ఇరవై ఏళ్ల లోను పెట్టుకొని ఇల్లు కట్టేవాడు కంతు ఎట్ల కట్టాలి? ఇంటి పటం గీసేవాడు అది కూడా చూడాలి. ప్రేమతో సిమెంటు రాదు.

పుత్తూరు_అక్క
బాడుగ తప్పని నేను అనలేదు. పైన కొత్తవాళ్లు, కింద ఇద్దరు ముసలివాళ్లు. మోటారు వేసేది వాళ్లే, గేటు తీసేది వాళ్లే, బాడుగ అడిగి మాట పడేది వాళ్లే. పటంలో నైరుతి గది వాళ్లకిచ్చి గౌరవించినామనుకుంటే చాలదు. కొడుకూ కోడలూ ఏ అంతస్తులో ఉంటారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా మెట్లు ఎక్కడ పెట్టినా ఒకటే.

కొర్లగుంట_వాసి
అక్కా, మీరు అడిగింది మా ఇంట్లో ఇంకా తేలలేదు. స్థలం నాన్న పేరున ఉంది. పై అంతస్తు తమ్ముడికి అని ఆయన మనసులో ఉంది. వాడు బెంగళూరులో ఉంటాడు, వచ్చేదాకా బాడుగకు ఇద్దామంటాడు. నేనేమో పిల్లలకు పైన గదులు అని గీయించినాను. మెట్ల గురించి అడిగితే అదే తేలుతుందనుకున్నా. నాన్నతో ఈ మాట నేరుగా మాట్లాడలేదు.

ఓవర్సీర్
ముందే చెప్పి ఉంటే ఇంత రాసేవాణ్ణి కాదు. సరే, రెంటికీ పనికొచ్చేది ఒకటుంది. మెట్లగదిని పోర్టికో వెనకే పెట్టు. వెడల్పు 7 అడుగులు: మూడడుగుల మూడంగుళాల వరసలు రెండు, మధ్యన ఆరంగుళాలు. పొడవు: ఎనిమిది పాదాలకు 80 అంగుళాలు, ల్యాండింగుకు 36, మొదటి మెట్టు ముందు మూడడుగుల జాగా. మొత్తం 12 అడుగుల 8 అంగుళాలు. ఆ ముందు జాగాకు రెండు తలుపులు, తూర్పున పోర్టికోలోకి ఒకటి, ఉత్తరాన హాల్లోకి ఒకటి. ఒకే కుటుంబంగా ఉన్నన్నాళ్లు హాలు తలుపు తెరిచి ఉంటుంది. వేరైతే దానికి గడియ పెడితే చాలు, గోడ పగలగొట్టే పని లేదు.

మెట్లగది వెనక నాలుగడుగుల వెడల్పు బాత్రూము, దాని వెనక నైరుతి గది 10×10. మధ్యన నాలుగున్నర అంగుళాల గోడలు రెండు. 12'8" + 4' + 10' + 9" అంటే 27 అడుగుల 5 అంగుళాలు, నలభైలో పోర్టికో, బయటి గోడలు పోగా నీకున్నది ఇరవై ఏడున్నర. వంటిల్లు వాయవ్యానికి పోతుంది, పిల్లల చదువు గది పోతుంది. ఆ నష్టం దాచను.

పుత్తూరు_అక్క
ఇది ఒప్పుకుంటా. బాత్రూము తలుపు మాత్రం రెండున్నర అడుగులు పెట్టకండి. చట్రం పోగా పాతిక అంగుళాలే మిగుల్తుంది, కుర్చీ దూరదు. మూడడుగులు పెట్టి బయటికి తెరుచుకునేట్టు చేయండి, లోపల పడిపోతే తలుపుకు మనిషి అడ్డం పడకుండా. గడప వద్దు, గచ్చు అర అంగుళం పల్లం చాలు.

మదనపల్లె_చలి
వంటిల్లు ఆగ్నేయం నుంచి తీయడానికి అమ్మగారు ఒప్పుకుంటారా?

కొర్లగుంట_వాసి
ఆగ్నేయం కాకపోతే వాయవ్యం అని అమ్మే అంటూ ఉంటుంది. ఆవిడతో ఇబ్బంది లేదు. సామాన్ల సంగతి?

ఓవర్సీర్
ల్యాండింగు కింద ఆ 57 అంగుళాలు సామాన్లకు చక్కగా సరిపోతుంది, ఇన్వర్టరు అక్కడ పెడితే గాలికి జాలీ వదులు. బాత్రూము మీద ఏడడుగుల ఎత్తున అటక వేయించు. వంటింట్లో రెండడుగుల సజ్జ రెండు గోడలకు. గ్యాసు బండ బయట పడమటి సందులో.

కొర్లగుంట_వాసి
ఆదివారం సైటులో ముగ్గుపిండితో ఈ గదులన్నీ గీసి నాన్నను తీసుకుపోతా. నైరుతి గదిలో మంచం కొలత కూడా గీస్తా. తమ్ముణ్ణి ఫోన్లో ఉంచి అక్కడే అడుగుతా, పైన ఎవరని.

ఓవర్సీర్
గోడల మందం కూడా గీయి. గీత మీద గీత గీస్తే ప్రతి గదీ అర అడుగు పెద్దగా కనిపిస్తుంది, తర్వాత మేస్త్రీతో గొడవ.

చిత్తూరు_మిత్ర
ఎత్తు?

పుత్తూరు_అక్క
రోడ్డు నడిమి నుంచి కొలిచి రెండున్నర. ఐదు మెట్లు, రెండు వైపులా కమ్మీ. ఇంకా ఎక్కువ కావాలంటే వాళ్ల నాన్నను ఎక్కించి చూసి చెప్పండి తమ్ముడూ.