బోనవిల్ ఆనకట్ట దగ్గర సీ లయన్లు తినేసే సాల్మన్ల లెక్క ఎలా కడతారు?

అందరికీ నమస్తే. మేం పోర్ట్‌లాండ్ దగ్గర ఉంటాం. మొన్న ఏప్రిల్‌లో కొలంబియా నది మీదున్న బోనవిల్ ఆనకట్టకు వెళ్లాం. చినూక్ సాల్మన్లు, ఆనకట్ట దాటడానికి కట్టిన చేపల మెట్లెక్కి పైకి పోతుంటే అద్దంలోంచి చూడొచ్చు. మా అమ్మ అయితే "అచ్చం మన పులసల్లా ఎదురీదుతున్నాయే!" అని అక్కడి నుంచి కదల్లేదు.

బయటికొచ్చి చూస్తే, ఆనకట్ట కింద ఒక సీ లయన్ (సీల్ లాంటి సముద్ర జంతువు) పెద్ద చేపను నీళ్లకేసి బాది ముక్కలు చేసి తింటోంది. సముద్రం అక్కడికి 230 కిలోమీటర్ల పైనే! ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి దీన్నే స్కూల్ ప్రాజెక్టుగా తీసుకుంది. నాకు టెన్షన్ మొదలైంది.

సముద్ర క్షీరదాలను కాపాడే 1972 నాటి అమెరికా చట్టం రక్షణ ఇచ్చాక సీ లయన్లు పెరిగాయని, మెట్ల దారి వెతుక్కుంటూ ఆనకట్ట కింద గుమిగూడే చేపలు వాటికి సులువుగా దొరుకుతాయని చదివాను. అంతవరకు సరే. కానీ అద్దం దగ్గర లెక్కపెట్టేది బతికి దాటినవాటినే కదా? నదీముఖం నుంచి ఆనకట్ట దాకా దారిలో పోయినవాటిని ఎలా అంచనా వేస్తారు? వలలకు చిక్కినవీ, సీ లయన్లు తిన్నవీ విడదీసి చెప్పగలరా?

ఇంకొకటి. సియాటిల్‌లోని బల్లార్డ్ లాక్స్ (పడవలు దాటే నీటి గేట్లు) దగ్గర 1980లలో సీ లయన్లు స్టీల్‌హెడ్ చేపలను తెగ తిన్నాయి. వాటిని తరిమినా ఆ చేపలు కోలుకోలేదు. మా పోర్ట్‌లాండ్ దగ్గరే ఉన్న విల్లమెట్ జలపాతం దగ్గర 2018 చివర్లో అనుమతి తీసుకుని సీ లయన్లను చంపడం మొదలుపెట్టారు. అక్కడ చేపలు పెరిగితే, అది అందువల్లేనని ఎలా తేలుస్తారు?

చేపల శాఖలో గానీ, ఈ చదువులో గానీ ఉన్నవాళ్లెవరైనా చెప్తారా? ప్రాజెక్టు ఇవ్వడానికి ఇంకా పది రోజులుంది.